సేటు కుర్చీ

ఇబ్రాహీం నాటకాల్లో లోకం రెండే రకాలు: కూర్చునేవాళ్లు, నిలబడేవాళ్లు. సిరిసిల్లలో పదిహేనేళ్లు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, నిలబడి బట్ట నేసిన మనిషికి వేరే లోకం ఎక్కణ్ణుంచి కనబడుతుంది? ఇప్పుడు కుట్టుమిషన్లు బాగుచేస్తూ కూర్చునే పనే చేస్తున్నా, ఆ కోపం మాత్రం కాళ్లలో అలాగే ఉండిపోయింది. అందుకే ఆయన ఏ నాటకం రాసినా వేదిక మీద ఒక్కటే కుర్చీ. అది సాంచాల యజమాని సేటుది. కార్మికుడు చివరిదాకా నిలబడే ఉంటాడు, నిలబడే పిడికిలి బిగించి పెద్ద ఉపన్యాసం దంచుతాడు.

చిక్కల్లా ఆ ఉపన్యాసంతోనే. అది మొదలైతే చాలు, జనం చెప్పులు వెతుక్కునేవారు. పోయినసారి చివరిదాకా మిగిలింది మైకువాడొక్కడే, అదీ మైకు తనది కాబట్టి. ఎవరి కోసం రాస్తున్నాడో వాళ్లే లేచిపోతుంటే ఇబ్రాహీంకు తల కొట్టేసినట్టయింది. ఈసారి కూడా పోతే ఇక కలం ముట్టనని భార్య యాస్మీన్‌తో తెగేసి చెప్పాడు. చెప్పాడే గానీ ఉపన్యాసంలో ఒక్క మాటా తగ్గించలేదు, పైగా ఇంకో పేజీ కలిపాడు.

ప్రదర్శన నాడు నేతన్నల వాడంతా జనమే. కార్మికుడి వేషం దశరథానిది. పొద్దుటి నుంచి సాంచాల దగ్గర నిలబడి, ఒంటి మీది దుమ్మయినా దులుపుకోకుండా నేరుగా వేదికెక్కాడు. ఆట జోరుగా సాగి ఉపన్యాసం దాకా వచ్చింది. తెర పక్కన ఇబ్రాహీం ఉపన్యాసం కాగితాలు పట్టుకుని జనాన్నే చూస్తున్నాడు. ముందు వరుసలో అప్పుడే ఇద్దరు లేచారు.

దశరథం నోరు తెరిచాడు, మూశాడు. మెల్లగా వెళ్లి, సేటు లేచి ఖాళీగా ఉన్న కుర్చీలో కూలబడ్డాడు.

ఇబ్రాహీంకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఇన్నేళ్ల సిద్ధాంతం మీద పోయి కూర్చున్నాడు వీడు. సేటు వేషంలో ఉన్న నరేశ్ ఏం చెయ్యాలో తోచక, నాటకంలో లేని మాట అనేశాడు.

“ఎవడు కూసోమన్నడ్రా నిన్ను?”

“కాళ్లు చెప్పినయ్ సేటూ,” అన్నాడు దశరథం.

అంతే, ఈలలే ఈలలు. లేచిన ఇద్దరూ గబుక్కున కూర్చున్నారు. జరసేపు గట్లనే కూసో బిడ్డా అని వెనక నుంచి ఒక ముసలామె కేకేసింది. సేటు కుర్చీ చుట్టూ తిరుగుతూ బెదిరించాడు, బతిమాలాడు. దశరథం కాళ్లు బారజాపాడు.

ఇబ్రాహీంకు ఒళ్లు పులకరించింది. ఇన్నాళ్లూ పగలు సేటు, రాత్రి తాను, ఇద్దరూ కలిసి ఆ మనిషిని నిలబెట్టేశారన్నమాట. ఆ సంగతి తెలిసినందుకు ఆయనకు ఏడుపు రాలేదు, గంతులేయాలనిపించింది. ఉపన్యాసం కాగితాలు మడిచి జేబులో కుక్కేసి, తెర దించమని సైగ చేశాడు.

తెర దిగింది. దశరథం కుర్చీలోంచే భయంభయంగా అడిగాడు.

“ఇగ లేవాల్నా అన్నా?”

ఇబ్రాహీం తెర సందులోంచి బయటికి చూశాడు. నాటకం అయిపోయినా ఒక్కరూ కదలలేదు.

“కూసో,” అన్నాడు. “వాళ్లే లేస్తలేరు, నువ్వెందుకు లేస్తవ్?”