నకలు మీద ముద్ర

పోయిన నెల పింఛను మిషను నా వేలిముద్ర తీసుకోలేదు. వేలు మార్చి వేలు పెట్టించి చూశారు. నలభై ఏళ్ళు మిరపకాయల తొడిమలు తీసిన వేళ్ళకు గీతలెక్కడ మిగులుతాయి? చివరికి అక్కడి అమ్మాయి సిరా డబ్బా మూత తీసింది. ఆ వాసన తగలగానే మస్తాన్ అన్న గుర్తొచ్చాడు. ఆయన చొక్కా దగ్గర ఎప్పుడూ అదే వాసన.

మస్తాన్ అన్న మా ఊరివాడే. రోజూ బస్సెక్కి అద్దంకి వెళ్ళి, రిజిస్ట్రారాఫీసు ముందు రేకుల పంచలో కూర్చుని దస్తావేజులు రాసేవాడు. మనిషి బక్క, మాట మొరటు. నాకు బతకడం నేర్పినవాళ్ళు ఇద్దరు ముగ్గురుంటే, తిట్టి నేర్పినవాడు ఆయనొక్కడే.

మా ఆయన మూడెకరాలు బ్యాంకులో తాకట్టు పెట్టి పత్తి వేశాడు. రెండేళ్ళు వరసగా పురుగు తినేసింది. మూడో ఏడు ఆయనే పోయాడు. దినాలైన కొద్ది రోజులకు పోస్టుమాన్ వాకిట్లో నిలబడి, మా ఆయన పేరు చదివి, కవరు తీసుకుని సంతకం చేయమన్నాడు. పోయిన మనిషి పేరున వచ్చినదానికి చేయి ఎలా చాపను? పైగా బ్యాంకు నోటీసు ముట్టుకోకపోతే మనకు అంటదని మా వైపు అందరికీ నమ్మకం. వెనక్కి పంపేశాను. తెలివైన పని చేశాననే అనుకున్నాను.

తర్వాత నేనే బ్యాంకుకు వెళ్ళాను. ఒక ఎకరం అమ్ముకోనిస్తే బాకీ తీరుస్తాను, రెండెకరాలు నాకు వదలమని మేనేజరును అడిగాను. కొనడానికి మా గట్టు పక్క రైతు సిద్ధంగా ఉన్నాడు. పొలం తాకట్టులో ఉంది కనుక బ్యాంకు ఊ అంటే తప్ప అమ్మకం కుదరదు. పైవాళ్ళను అడిగి చెబుతామన్నారు. మిరప నారు పోసినప్పుడు అడిగాను, కాయ కోతకొచ్చింది. ఈలోగా మేనేజరు మారాడు. నేనేం అడిగానో తన దగ్గరెక్కడా రాసి లేదన్నాడు కొత్తాయన.

అప్పుడు వెళ్ళాను మస్తాన్ అన్న దగ్గరికి. అర్జీ రాయడానికి ఎంత తీసుకుంటావని ముందే బేరం పెట్టాను. ఆయన కలం నా ముందుకు తోశాడు.

"నువ్వే రాయి."

"మూడో తరగతి చదువన్నా నాది."

"నా పొలం అని రాయటానికి మూడో తరగతి చాల్లే. నేను రాస్తే, రేపు ఆఫీసరు ఇదేందని అడిగినప్పుడు నా మొహం చూస్తావు. నాకు కూలొద్దు గానీ, ఒక కార్బన్ కాగితం కొనుక్కో."

నాలుగు వరసలు రాయడానికి పూట పట్టింది. ఒత్తు తప్పితే కొట్టేసి మళ్ళీ రాయించాడు. అసలు వాళ్ళకిచ్చి, నకలు మీద ముద్ర వేయించుకున్నాకే బ్యాంకు మెట్లు దిగమన్నాడు. గుమస్తా విసుక్కున్నాడు. నేను కదలలేదు. భోజనాల వేళ దాటాక ముద్ర గుద్ది కాగితం నా వైపు విసిరాడు. అలా ఆరు నెలల్లో నాలుగు అర్జీలు, నాలుగు ముద్రలు. అన్నిటికీ ఒకే కార్బన్ కాగితం వాడాను. నాలుగో నకలును మస్తాన్ అన్న వెలుతురుకు పట్టి చూసి, "పిసినారిదానా, ఇంకోటి కొంటే కొంప మునుగుద్దా?" అన్నాడు.

ఒక్కదానికీ జవాబు రాలేదు. వేలం కాగితం మాత్రం తలుపుకు అతికించి పోయారు.

వేలం నాడు నాలుగు నకళ్ళూ బ్యాంకు ఆఫీసరు ముందు పరిచి నేనే చదివాను. ఆయన చివరిదాకా విని, ఫైల్లోంచి పాత కవరొకటి తీశాడు. మా ఆయన పేరు, పక్కన 'తీసుకోలేదు' అని పోస్టుమాన్ రాత.

"ముందు మేము రాస్తే మీరే తిప్పి పంపారు గదమ్మా."

గట్టు పక్క రైతే పాడుకున్నాడు. నాకు ఒక్క ఎకరానికి ఇస్తానన్న దాని మీద కాస్త వేసి మూడూ తీసుకున్నాడు. అతన్ని తిట్టలేదు. చవగ్గా వస్తే నేనూ వదలను. ఆ ఏడే అతని కల్లంలో, నా పొలంలో కాసిన కాయలకే కూలికి తొడిమలు తీశాను.

వేలం అయ్యాక బస్టాండులో మస్తాన్ అన్న, కవరు సంగతి తనకెందుకు చెప్పలేదని అడిగాడు. సిగ్గేసిందన్నాను. నా చేతిలోని నకళ్ళు తీసుకుని, వరసగా పేర్చి మళ్ళీ నాకే ఇచ్చాడు.

"నీ తప్పొకటి, వాళ్ళవి నాలుగు. నాలుగింటి మీదా వాళ్ళ ముద్రే ఉంది. పారెయ్యమాక" అన్నాడు.

"ఎవరికి చూపించనన్నా?"

ఈలోగా మా ఊరి బస్సొచ్చింది, ఎక్కమన్నాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నకళ్ళు నా దగ్గరే ఉన్నాయి. ఇంతవరకూ ఎవరూ చూపించమనలేదు.

పింఛను అమ్మాయి నా బొటనవేలు పట్టుకోబోయింది. చేయి వెనక్కి తీసుకుని, కాగితం అడిగి, మిషను నా వేళ్ళు తీసుకోవడం లేదని రెండు వరసలు రాసి సంతకం చేశాను. రెండో కాగితం మీద అదే మళ్ళీ రాసి, ముద్ర వేసి ఇమ్మన్నాను.

"ఇదెందుకు మామ్మా? ఎవరడుగుతారు?" అని నవ్వింది.

జవాబు వస్తుందని నాకిప్పటికీ నమ్మకం లేదు. అడగలేదని మాత్రం ఇంకెవరినీ అననివ్వను.

"మూత తీసే ఉంది గదా, వెయ్యి" అన్నాను. ముద్ర పడేదాకా కుర్చీ వదల్లేదు.