మూడు రకాల టైల్స్ వేసిన వంటిల్లు

మా ఇంటికి వచ్చినవారు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, కిందికి చూసి, మర్యాదకొద్దీ మాట మార్చడం నేను చాలాసార్లు గమనించాను. ఆ గచ్చులో మూడు రకాల టైల్స్ ఉన్నాయి. వాటి రంగులు ఒకదానితో ఒకటి పొసగవు. దుకాణంలో మిగిలిపోయిన సరుకు తెచ్చి వేయించానని కొందరు అనుకున్నట్టు నా చెవిని పడింది. ఉద్యోగకాలమంతా పిల్లల చేత గళ్ళ కాగితం మీద గీతలు దిద్దించిన లెక్కల మాస్టారి ఇంట్లో ఇటువంటి గచ్చు ఉండడం వింతే. తరువాతి తరంవారు దాన్ని తవ్వించే ఆలోచన చేయకముందే కారణం రాసి ఉంచడం నా విధి అనిపించింది. తెలిసి తవ్వితే నాకు అభ్యంతరం లేదు. తెలియక తవ్వకూడదు.

కొత్త శతాబ్దం మొదలైన తొలి సంవత్సరాలలో, నేను ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసిన తరువాత జరిగిన విషయమిది. ఏటా కాలువలకు నీరు వదిలిన నాటి నుంచి మా వంటింటి నేల చెమర్చేది. మా నాన్నగారు పరిపించిన నాపరాళ్ళలో కొన్ని కుంగాయి, కొన్ని లేచాయి. నాకు ఆ ఎగుడుదిగుళ్ళు కంట్లో నలుసులా ఉండేవి. పొయ్యికి ఎత్తైన గట్టు, పక్కన సింకు, కింద టైల్స్ పెట్టించి ఆ గదిని ఒక పద్ధతిలోకి తేవాలని నిశ్చయించాను.

నా భార్యకు అంతకు ముందే నీటికాసులు అనే కంటిజబ్బు వచ్చింది. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నదాన్ని కాపాడుకోవాలనీ కాకినాడలో వైద్యుడు చెప్పి చుక్కల మందు ఇచ్చారు. ఆమె ఎప్పటిలాగే వేళ తప్పకుండా వండి వడ్డిస్తుంటే, ఉన్న చూపు నిలిచిందనే ఇంటిల్లిపాదీ నమ్మాం. ఆమె కూడా కాదనలేదు.

నేను గది కొలతలు తీసుకుని గళ్ళ కాగితం మీద ప్లాను గీశాను. నట్టనడుమ నుంచి మొదలుపెట్టి, కోసిన ముక్కలు రెండు వైపుల గోడల దగ్గరా సమానంగా వచ్చేలా లెక్క వేశాను. రాజమండ్రిలో ఒక దుకాణంలో మీగడ రంగు టైల్స్ ఎంచాను. అద్దంలా మెరిసేవి. పని దగ్గరుండి చూస్తానని తుని నుంచి మా అక్కయ్య రైలెక్కి వచ్చింది. తాపీమేస్త్రిది ద్రాక్షారామం.

పెన్సిలుతో చూడనిదే సిరాతో రాయకూడదన్నది బడిలో నా నియమం. ఆ ప్రకారమే, సిమెంటు పెట్టకుండా కొన్ని వరసలు ముందు పెరటి వసారాలో పొడిగా పరచి చూపించమని మేస్త్రితో చెప్పాను. అతను పరుస్తున్నాడు. అక్కయ్య కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఏవయ్యా మేస్త్రీ, నిన్నంతా కనపళ్ళేదేం? యానాం గాలి తగిలిందా?"

"ఆయ్, లేదండి అమ్మగారూ. మా బామ్మర్ది పెళ్ళికెళ్ళేనండి."

"ఆ పెళ్ళీ యానాంలోనేనా?"

యానాంలో మందు చవక. మేస్త్రి తల వంచుకుని, శుభ్రంగానే ఉన్న టైలును మళ్ళీ తుడిచాడు.

"ఏవోయ్, ఒకసారి వచ్చి చూడు" అని నా భార్యను పిలిచాను. ఆమె వసారా గోడ పక్కగా వచ్చి, టైల్స్ మీదికి నాలుగడుగులు వేసి ఆగిపోయింది. ఒక పాదం ముందుకు చాపి, వెనక్కి తీసుకుంది.

"ఏంటమ్మా మరదలా, అద్దంలో అందం చూసుకుంటున్నావా?" అంది అక్కయ్య.

నా భార్య నవ్వలేదు. "వదినగారూ, గోడ ఎటుందండీ?" అని అడిగింది.

గోడ ఆమె చేతికి అందేటంత దూరంలో ఉంది. వసారా నిండా ఎండ ఉంది. మేస్త్రి కూడా పని ఆపేశాడు. అక్కయ్య లేచి వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది.

"బాగున్నాయండీ. ఇవే వేయించండి" అంది నా భార్య, నా గొంతు వినిపించిన వైపు తిరిగి. "వంటకి మాత్రం ఎవరినన్నా కుదుర్చుకోండి."

పెళ్ళయిన నాటి నుంచి ఆ వంటింటి గరిటె ఆమె మరొకరి చేతికి ఇచ్చి ఎరగదు. ఆ మాట ఎంత బరువైనదో నాకు తెలుసు. భోజనాలయ్యాక అక్కయ్యే సూటిగా అడిగింది.

"నిజం చెప్పవే. ఎంత కనపడుతోంది నీకు?"

"కిటికీ వెలుగు తెలుస్తుందండీ. మనిషి అడ్డొస్తే తెలుస్తుంది."

"మరి ఇప్పుడు తిన్న ములక్కాడ పులుసు ఎలా కాచావే తల్లీ?"

"నేల తెలుసు కదండీ వదినగారూ. పొయ్యి ముందు రాయి అంచు లేచి ఉంటుంది. నీళ్ళ గోళెం దగ్గర నున్నగా ఉంటుంది. గుమ్మం పక్కన కుంగిన రాయి ఉంది. కాలు పెడితే ఎక్కడున్నానో తెలిసిపోద్ది. ఆ టైల్స్ మీద అంతా ఒకటేలా ఉందండీ. గోదాట్లో వదిలేసినట్టుంది."

ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని నేను అడిగాను.

"చెబితే వంటింట్లోకి రానిస్తారా?" అంది.

రానిచ్చేవాణ్ణి కాను. ఆమె చెయ్యి కాల్చుకుంటుందనీ, పడిపోతుందనీ భయపడి, ఆమె మంచికేనని చెప్పి, కుర్చీలో కూర్చోబెట్టి ఉండేవాణ్ణి. అక్కయ్య నా వైపు చూసింది. "ఒరే తమ్ముడూ, ఆ కాగితం మడిచి లోపల పెట్టు. రేపు ముగ్గురం రాజమండ్రి వెళ్దాం. ఈసారి ఎంచేది నువ్వు కాదు."

మర్నాడు దుకాణంలో నా భార్య చెప్పులు విడిచి, ఒక్కొక్క రకం టైలు నేల మీద పెట్టించుకుని పాదంతో తడిమి చూసింది. తడిస్తే ఎలా ఉంటుందో చూడాలంటే, యజమాని విసుక్కోకుండా చెంబుతో నీళ్ళు తెప్పించి పోయించాడు. అన్నీ చూశాక ఆమె గళ్ళు గళ్ళుగా ఉన్న ఒక గరుకు టైలు మీద నిలబడిపోయింది. ఎర్రటి, మొరటు రకం.

"అమ్మా, అవి కారు నిలబెట్టే చోట వేసేవండీ" అన్నాడు యజమాని, ఇబ్బందిగా.

"మా మరదలు కారుకంటే తీసిపోయిందా?" అంది అక్కయ్య. "ఏం, దీనికి హారన్ లేదనా?"

"హారన్ మీ తమ్ముడుగారున్నారు కదండీ" అంది నా భార్య.

అక్కయ్య పగలబడి నవ్వింది. యజమాని నా ముఖం చూసి నవ్వు ఆపుకున్నాడు. వంటింటి ప్లాను మొదలైనప్పటి నుంచి నా భార్య నోట వచ్చిన మొదటి హాస్యం అది. నా మీద వేసినా నాకు సంతోషమే కలిగింది.

పొయ్యికీ సింకుకీ ముందు ఎర్ర గరుకువి, నడిచే చోట మెరుపు లేని బూడిదరంగువి, గుమ్మం లోపల చారలు తేలిన పచ్చరకం ఒక్క వరస అని తేలింది. మీగడ రంగువి తిరిగి ఇచ్చేశాం. మేస్త్రికి మాత్రం ఇది మింగుడు పడలేదు.

"నలుగురూ చూస్తే ఏవనుకుంటారండీ? ఈ మేస్త్రికి కళ్ళు లేవంటారండీ" అని, అన్నాక నాలిక కరుచుకున్నాడు.

"లేనిది నాకేనయ్యా. నువ్వు వేసెయ్యి" అంది నా భార్య.

అతను సుద్దముక్క చేతిలోకి తీసుకున్నాడు. కొత్త గట్టు అప్పటికే కట్టి ఉంది. ఆమెను దాని ముందు నిలబెట్టాం. అన్నం వార్చడానికి ఎంత వెనక్కి జరుగుతుందో, సింకు వైపు ఎలా తిరుగుతుందో చేసి చూపించమన్నాం. ఆమె అడుగు పడిన చోటల్లా మేస్త్రి సుద్దతో గీశాడు. ఆ గీతల ప్రకారం నేను ప్లాను మళ్ళీ గీశాను. లెక్క గది నడుమ నుంచి కాక పొయ్యి దగ్గర నుంచి మొదలైంది. కోసిన ముక్కలన్నీ ఒకే గోడకు చేరాయి. చూడడానికి అది నాకు కష్టంగానే ఉండింది. కాగితం మీద ఎన్నోసార్లు సరిచేయబోయి మానుకున్నాను.

గచ్చు ఆరి, పాలు పొంగించే రోజు వచ్చింది. ఆమె ఒక్కతే లోపలికి వెళ్తానంది. నేను గుమ్మం దగ్గర ముందుకు కదిలితే అక్కయ్య నా చొక్కా పట్టుకుని ఆపింది. "కదలకురా."

ఆమె చారల వరస మీద ఆగింది. బూడిదరంగు టైల్స్ మీద గోడ పట్టుకోకుండా నడిచింది. ఎర్రవి కాలికి తగలగానే నిలబడి చెయ్యి చాపింది. పొయ్యి అక్కడే ఉంది. అగ్గిపుల్ల గీసింది. పాలు పొంగాయి. కాసేపటికి లోపలి నుంచి, "ఏవండీ, కాఫీ కలిపెయ్యనా?" అని వినిపించింది. కలపమన్నాను.

ఈ రోజుకీ మా ఇంట్లో వంట ఆమెదే. ఇందుకు నేను ఎందరికో రుణపడి ఉన్నాను. అడగవలసింది అడిగిన మా అక్కయ్య ఇప్పుడు లేదు. తన పేరు పోతుందని తెలిసీ చెప్పినట్టు వేసిన మేస్త్రికీ, ఓపికగా నీళ్ళు పోయించిన దుకాణదారుకూ ఇక్కడ కృతజ్ఞత చెప్పుకుంటున్నాను. అందరికంటే ఎక్కువగా, నేను తప్పులుగా ఎంచిన రాళ్ళ మీద ఏళ్ళ తరబడి నడిచి నాకు అన్నం పెట్టిన ఆమెకు.

ఇది రాసి నా భార్యకు చదివి వినిపించాను. గుమ్మం దగ్గర చారల వరస ఉండాలన్నది అక్కయ్య ఆలోచన అని నేను మొదట రాశాను. అది తనదని ఆమె దిద్దించింది. దుకాణంలో తన హాస్యం నేను రాసినదానికంటే పదునుగా ఉండిందని కూడా అంది, కానీ ఆ మాటలు ఆమెకూ గుర్తులేవు. తాపీపని తెలిసినవారు పని వరస నేను తప్పు చెప్పి ఉంటే చెప్పవలసిందిగా కోరుతున్నాను. మా అక్కయ్యను ఎరిగినవారు ఆమె మాట తీరు నా చేతిలో మారి ఉంటే సరిచేయవలసిందిగా కోరుతున్నాను. ఎక్కడ తప్పానో తెలియజేస్తే దిద్దుకుని, ఆ దిద్దుబాటును నా భార్యకు మళ్ళీ చదివి వినిపిస్తాను.