సముద్రం వైపు తిరిగిన పొగగొట్టం

మా వంటింట్లో తూర్పు గోడ మీద, కిటికీ పక్కన, గేదె పడుకున్నంత మేర ఒక నల్లటి మచ్చ ఉంది. ఇంటికి ఎన్నిసార్లు సున్నం వేయించినా మా ఆవిడ రవణమ్మ ఆ మచ్చ జోలికి మాత్రం ఎవరినీ వెళ్ళనివ్వదు. కొత్తగా వచ్చినవాళ్ళు అదేమిటని అడుగుతారు. ఆవిడ నా వైపు చూస్తుంది. నేను పెరట్లో ఏదో కొంప మునిగిపోతున్నట్టు లేచి వెళ్ళిపోతాను. ఇన్నాళ్ళూ అలా తప్పించుకు తిరిగాను. ఇవాళ మీకు మొత్తం చెప్పేస్తాను. ఒక మనిషి తన ఇంటినీ, పిలిచి తెచ్చుకున్న చుట్టాలనీ, ఊళ్ళో తనకున్న కాస్త పరువునీ ఒకే ఒక్క అగ్గిపుల్లతో ఎలా మసి చేసుకోగలడో వినండి. నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. ఒకచోట మాత్రం నాకు ఇప్పటికీ నవ్వు రాదు. అక్కడ మీరూ కాస్త ఆగితే చాలు.

మాది కళింగపట్నానికి ఇవతల, సముద్రం హోరు వినపడేంత దూరంలో ఉన్న ఊరు. వరి, వేరుశనగ పండిస్తాం. ఇంట్లో గ్యాస్ పొయ్యి ఉంది. కానీ స్నానాలకి నీళ్ళు, పశువులకి కుడితి, చోడి అంబలి, చేపల పులుసు, ఇవన్నీ పెరట్లో కట్టెల పొయ్యి మీదే. తుఫానుకి పడిపోయిన సరుగుడు చెట్లు కొట్టించిన కట్టెలు ఇంటి వెనక ఎత్తుగా పేర్చి ఉండేవి. ఊరికే వచ్చిన కట్టెలు ఎవరికి చేదు?

రవణమ్మది చిన్న మట్టి పొయ్యి. ఎక్కడికి కావాలంటే అక్కడికి ఎత్తి పెట్టుకోవచ్చు. పొద్దున్న పెరటి గోడకి తూర్పు పక్కన పెట్టి వండేది. మధ్యాహ్నం అయ్యేసరికి పాత గుడ్డలతో పట్టుకుని, ఆ పొయ్యిని గోడకి పడమటి పక్కకి మోసేది. మళ్ళీ తెల్లారితే తూర్పుకి. పెళ్ళయిన నాటి నుంచీ ఇదే తంతు. నేను మంచం మీద కూర్చుని వేళాకోళం చేసేవాణ్ణి.

“పొయ్యిని కూడా షికారు తిప్పుతన్నావేటే?”

“నానెక్కడ తిప్పుతన్నాను బావా. అదే తిప్పుతన్నాది నన్ను,” అనేది. రవణమ్మ మా మేనమామ కూతురు. చిన్నప్పటి నుంచీ నేను ఆవిడకి బావనే.

ఏది తిప్పుతోందని నేను అడగలేదు. ఈ ముక్క దయచేసి గుర్తుంచుకోండి. అడగలేదు.

ఆవిడకి దగ్గు ఉండేది. ఉండేది అని ఇప్పుడు చెబుతున్నాను గానీ, అప్పట్లో అది నా చెవికి ఆనేది కాదు. సముద్రం పక్కన పుట్టినవాడికి హోరు వినపడదు కదా, అలాగన్నమాట. ఒకసారి నా మోకాలి నొప్పికి శ్రీకాకుళం వెళ్ళాం. డాక్టరు గారు నా మోకాలు పట్టుకుని, చెవి మాత్రం బయట బెంచీ వైపు పెట్టి, “ఆ దగ్గుతున్నావిడ ఎవరు?” అన్నారు. నా తాలూకే అన్నాను. నా మోకాలు వదిలేసి ఆవిణ్ణి లోపలికి పిలిచారు. ఛాతీ చూశారు. ఇక పొగ తగలకూడదనీ, తగిలితే ముందు ముందు ఊపిరి తియ్యడమే కష్టమవుతుందనీ, కాస్త కోపంగానే చెప్పారు. ఆ కోపం నా మీదని అర్థమైంది.

బస్సులో తిరిగొస్తూ అన్నాను: “ఇంక గేస్ మీదే వండుకో.”

“పశువుల కుడితి గేస్ మీద కాస్తే బండ వారం రాదు.”

“అయితే నీకు పొగ లేని పొయ్యి పెట్టిస్తాను. ఇంట్లోనే. గొట్టంతో.”

“మరుగుదొడ్డికి తలుపు కూడా పెట్టిస్తానన్నావు బావా. దానికింకా గోనెపట్టాయే ఏలాడుతున్నాది.”

“ఇది వేరే.”

“అవునులే. అదైతే గాలికి కొంచెం ఊగుతాదంతే.”

పక్క సీటులో ముసలాయన నవ్వాడు. నాకు పౌరుషం వచ్చింది. మీకు తెలుసో లేదో, నాకు పౌరుషం వచ్చిన ప్రతిసారీ మా ఇంట్లో ఏదో ఒకటి విరుగుతుంది.

ఆ తరువాత ఫోన్లో వీడియోలు చూడటం మొదలుపెట్టాను. ఏవేవో మంచు దేశాలు. నున్నటి ఇనప పొయ్యి, దానికో గొట్టం, ముందు కుక్క పడుకుని ఉంటుంది. మా ఊళ్ళో చలి అంటే పుష్యమాసంలో తువ్వాలు మెడకి చుట్టుకునేంత. అయినా ఆ పొయ్యి మీద నాకు ప్రేమ పుట్టింది. శ్రీకాకుళంలో వెల్డింగ్ షాపులో ఇనప రేకుతో అలాంటిదే చేయించి, ఆటోలో ఎక్కించి, కొత్త కోడల్ని తెచ్చినట్టు ఊళ్ళోకి తెచ్చాను.

దాన్ని ఎక్కడ పెట్టాలి అన్న దగ్గర మా పక్కింటి సింహాచలం మావ దిగాడు. మావకి తెలియని విషయం లేదు. తెలిసిన విషయం కూడా లేదని నాకు తరువాత తెలిసింది.

“ఒరే, అగ్గి ఆగ్నేయంలో ఉండాలి,” అన్నాడు. “ఆగ్నేయం మూల తూర్పు గోడకి ఆనించి పెట్టు. ఇంక ఇంటికి తిరుగుండదు.”

వంటింటి ఆగ్నేయం మూల గోడకి చెక్క అర ఒకటి ఉంది. దాని మీద ఉప్పూ కారం ప్లాస్టిక్ డబ్బాలు. సరిగ్గా దాని కింద, గోడకి ఆనించి పొయ్యి పెట్టాను. రవణమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

“గొట్టం పైకెత్తవా బావా?”

“పైకెత్తాలంటే శ్లాబుకి కన్నం పెట్టాలి. వానొస్తే కారుతాది.”

“పొగ పైకి పోతాది గానీ పక్కకి పోతాదేటి?”

సింహాచలం మావ అందుకున్నాడు: “పొగకేటమ్మా, దారి సూపిస్తే ఎటైనా పోతాది. గోడకి కన్నం పెట్టి, వంపు గొట్టం తగిలించి, తూర్పుకి ఒగ్గీమను.”

“తూర్పున సముద్రం ఉన్నాది కదా మావా.”

“సముద్రానికీ పొయ్యికీ ఏటే సంబంధం?” అన్నాను నేను.

ఆవిడ చీపురు తీసుకుని, నేను గోడ కొట్టగా రాలిన పెచ్చులు ఊడ్చింది. మా ఆవిడ మాట్లాడకుండా ఊడుస్తోందంటే మాటలు అయిపోయాయని కాదు. నా మీద ఖర్చు పెట్టడం దండగని.

మర్నాడు పొద్దున్నే పరీక్ష పెట్టాను. గుప్పెడు సరుగుడు పుల్లలు వేసి అంటించాను. ఏం చెప్పమంటారు. పొగ ఒక్క పోగు కూడా ఇంట్లోకి రాలేదు. ఎవరో అవతల నుంచి పీలుస్తున్నట్టు గొట్టంలోకి జర్రున పోయింది. బయటికి పరిగెత్తి చూశాను. గోడలోంచి వచ్చిన పొగ తిన్నగా సముద్రం మీదికి, చేపల వేటకి పోతున్న పడవలాగా సాగిపోతోంది. నేను గోచీ బిగించి వీధిలో నిలబడి ఫోన్ తీశాను. కొత్తవలసలో ఉన్న రవణమ్మ పుట్టింటివాళ్ళతో సహా అందరినీ పాలు పొంగించడానికి పిలిచాను. పంతులు గారిని ముహూర్తం అడిగితే, భోజనాల వేళ దాటాక బ్రహ్మాండంగా ఉందన్నారు.

ఆ రోజు వచ్చింది. వంటిల్లు నిండా చుట్టాలు. పొయ్యికి పసుపు, కుంకుమ, గొట్టానికి బంతిపూల దండ. దేవుడి దీపం రెపరెపలాడుతోంది. ముహూర్తం వేళ దీపం ఆరిపోతే బాగుండదని నేను కిటికీ మూసి గడియ పెట్టాను. ఆ కిటికీకీ, గడియకీ కొత్తగా రంగు వేయించాను కూడా. తరువాత అగ్గిపుల్ల గీశాను.

మొదట్లో అంతా బాగానే ఉంది. పాలగిన్నె పెట్టాం. ఇంతలో పొయ్యి నోట్లోంచి సన్నగా పొగ తొంగి చూసింది.

“కొత్త కదరా, సిగ్గు పడతన్నాది,” అన్నాడు సింహాచలం మావ.

అది సిగ్గు కాదని త్వరలోనే తెలిసింది. గొట్టంలో ఎవరో అవతలి నుంచి ఊదినట్టు బుస్సుమని చప్పుడయింది. లోపలికి వచ్చిన పొగ, సిరిమాను ఉత్సవం చూడటానికి వచ్చిన జనంలాగా ఖాళీ ఉన్న ప్రతి చోటా నిండిపోయింది. ఆ క్షణంలో నేను చేయవలసింది ఒక్కటే, నిప్పు ఆర్పడం. నేను చేసింది ఏమిటంటే ఇంకో కట్టె వేయడం. మంట పెద్దదైతే పొగ తగ్గుతుందని వీడియోలో చెప్పారు మరి.

“బావగారూ, తలుపెటు?” అని రవణమ్మ వాళ్ళన్నయ్య గొంతు.

“పాలు సూడండి, పాలు,” అని నేను.

“పాలు దేవుడెరుగు, నాకు నా సెయ్యే కనపడట్లేదు.”

“ఒరే అల్లుడా,” అని మూలనుంచి సింహాచలం మావ, “నాను లోపలున్నానా, బయటున్నానా? కొంచెం సెప్పరా.”

పైన అర మీద ఉప్పు డబ్బా వేడికి మెత్తబడి, నడుం వంచి అందరికీ నమస్కారం పెట్టింది. తరువాత కారం డబ్బా పెట్టింది. ఆ కారం పొయ్యి మీద పడింది. అంతే. చుట్టాలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి పెరట్లోకి వచ్చిపడ్డారు. నేను కూడా పడ్డాను. అందరి ముఖాలూ నల్లగా, కళ్ళు ఎర్రగా. ఒకళ్ళని చూసి ఒకళ్ళు దగ్గుతూ నవ్వుతున్నారు. నేనూ నవ్వాను. మావ నా భుజం తట్టి, “పొగ లేని పొయ్యిరా ఇది. పొగంతా మనకే ఇచ్చీసింది,” అన్నాడు.

అప్పుడు చూశాను. పెరట్లో రవణమ్మ లేదు.

నేను ఆగమన్న చోటు ఇదే.

లోపలికి పరిగెత్తాను. కిటికీ దగ్గర ఉంది. నేను పెట్టిన గడియ మీద చెయ్యి. నేను వేయించిన రంగుకి అది అంటుకుపోయి రావడం లేదు. అందరూ బయటికి పరిగెడితే, పొగ పోవాలని ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్ళింది. దగ్గు కూడా రావట్లేదు. దగ్గడానికి కూడా ఊపిరి కావాలని నాకు అప్పుడే తెలిసింది. ఎత్తుకుని బయటికి తెచ్చాను. పశువుల శాల అరుగు మీద కూర్చోబెట్టి, ఎవరో తెచ్చిన నీళ్ళు ముఖాన చల్లాను. ఆవిడ ఊపిరి పొట్టిపొట్టిగా, గీరుకుంటూ వస్తోంది. చాలాసేపటికి అది కాస్త పొడుగయింది.

“గాలి తిరిగే యేళకి ముహూర్తం పెట్టినావు బావా,” అంది.

“గాలేటి?”

“పొద్దున్న కొండ గాలి, సముద్రం మీదకి పోతాది. మధ్యాన్నం దాటితే సముద్రపు గాలి ఇటొస్తాది. రోజూ ఇంతే కదా. పొయ్యి అటూ ఇటూ ఎందుకు మోస్తన్నాననుకున్నావు?”

“నాకు సెప్పలేదేమే?”

ఆవిడ నా వైపు చూసింది. కోపంగా కాదు. కోపంగా అయినా బాగుండేది.

“అడిగితే సెప్పేదాన్ని.”

ఆ సాయంత్రమే శ్రీకాకుళం తీసుకెళ్ళాం. డాక్టరు గారు నా మసి ముఖం చూసి, ఏమీ అడగకుండానే అంతా అర్థం చేసుకున్నారు. నా మోకాలి గురించి మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. రవణమ్మ కోలుకుంది. కానీ ఆసుపత్రి బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు, ఇన్నేళ్ళూ నేను వినని దగ్గంతా ఒక్కసారిగా నా చెవిలో పడింది. అది ఇప్పటికీ పోలేదు.

పొయ్యి మళ్ళీ పెట్టాం. ఈసారి చెప్పింది ఆవిడ, చేసింది నేను. గోడకి దూరంగా జరిపాను. చెక్క అర పీకేశాను. శ్లాబుకి కన్నం పెట్టి, గొట్టాన్ని తిన్నగా నిలబెట్టి, పిట్టగోడ కన్నా బాగా ఎత్తుకి లేపి, పైన రేకు టోపీ పెట్టాను. ఏ గాలి ఎటు వీచినా పొగ దాని దారిన అది పోతుంది. వాన కూడా కారలేదు. కిటికీకి గడియ తీసి పారేశాను. పనిలో పనిగా మరుగుదొడ్డికి తలుపు కూడా పెట్టించాను. అయితే అది లోపలికి తెరుచుకోవాలో, బయటికి తెరుచుకోవాలో ముందు ఆవిణ్ణి అడిగాను. ఆవిడ నా నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరముందేమో చూసింది.

ఆ రోజు గోడకి పట్టిన మసి మచ్చ మీద మాత్రం ఆవిడ సున్నం వేయనివ్వలేదు. అందుకే మొన్నొక మధ్యాహ్నం, ఆవిడ పొయ్యి మీద అంబలి కలుపుతూ ఉండగా, ఆ మచ్చ ముందు, పక్కనున్న కిటికీకి సగం అడ్డంగా నిలబడి, దాని మీద కుడిచెయ్యి ఆనించి, గొంతు సవరించుకుని ప్రమాణం మొదలుపెట్టాను:

“ఇక మీదట ఈ ఇంట్లో మేకు కొట్టాలన్నా, పొయ్యి కదపాలన్నా, ముహూర్తం పెట్టాలన్నా, ముందుగా నా భార్యని అడిగి, ఆమె చెప్పినది పూర్తిగా విని, ఆ తరువాతే...”

“బావా.”

“ఉండవే, ప్రమాణం సేస్తన్నాను.”

“సేద్దువులే. ముందు కిటికీకి అడ్డం లెగు. గాలి తిరిగింది.”