ఇష్రత్ ఆపా ఇచ్చినంతే స్పీడు

ఇష్రత్ ఆపాకు ఒకటే జబ్బు. మీరు ఎంత గొప్ప కారు తెచ్చినా, ఎంత బతిమాలినా, ఇంజిన్ బలం మొత్తం ఒక్కసారిగా ఇవ్వదు. డాక్టరు టానిక్ రాసినట్టు వారానికి ఇంత అని ఇస్తుంది.

బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ వెనక సందులో ఆమె రేకుల షెడ్డు. యాభై అయిదేళ్ల మనిషి, అందరికీ ఆపా, అంటే అక్క. ముక్కు చివర కళ్లద్దాలు, నడుముకు బిగించిన చున్నీ, ఒళ్లో ల్యాప్‌టాప్. స్పోర్ట్స్ కారు కొన్నవాడు మొదట చేసే పని పెద్ద సైలెన్సర్ పెట్టించడం. రెండో పని ఆపా దగ్గరికి పరిగెత్తడం. ఎందుకంటే సైలెన్సర్ మారగానే ఇంజిన్ లోపల గాలికీ పెట్రోలుకీ కుదిరిన పొత్తు చెడుతుంది. ల్యాప్‌టాప్ తగిలించి ఆ పొత్తు మళ్లీ కుదర్చడమే ఆపా విద్య.

నేనూ అలాగే వెళ్లాను. ముప్పై రెండేళ్ల వయసులో, సంబంధాలు చూడమని ఇంట్లోవాళ్లు ఫొటోలిస్తే, వాటిని పక్కనబెట్టి పసుపుపచ్చ సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్స్ కారు చూసుకున్నవాణ్ని నేను. సైలెన్సర్ మార్చిన దగ్గర్నుంచీ అది సిగ్నల్ సిగ్నల్‌కీ పటపటా పేలుతోంది. మోండా మార్కెట్ దగ్గర పేలినప్పుడైతే ఉల్లిగడ్డలు బేరమాడుతున్న ఒకావిడ సంచి వదిలేసి చెవులు మూసుకుంది.

ఆపా బానెట్ కూడా ఎత్తలేదు.

“పేరు?”

“దయాకర్.”

“పొద్దుగాల ఏం తిన్నవ్ తమ్మీ?”

“ఏం తినలే ఆపా.”

“నిన్న ఎవరి మీదనన్న ఒర్లినవా?”

“మా మేనేజర్ మీద. మనసుల.”

“మనసుల ఒర్లుడు సుత ఒర్లుడే” అని, అప్పుడు కారుకు వైరు తగిలించింది.

రెండు గంటల్లో పేలుళ్లు ఆగాయి. ఇంజిన్ పట్టులా తిరుగుతోంది. కానీ ఎంత తొక్కినా తొంభై దాటదు.

“ఆపా, ఇది రెండొందలు పోయే బండి!”

“బండి పోతది. నీ సంగతేందో చూడాలె. ఈ వారానికి గింతే.”

ఆ తర్వాత ప్రతి ఆదివారం నా పక్కన కూర్చుని ఒక చుట్టు తిరిగేది. బాగా నడిపితే అయిదు కలిపేది. ఒకసారి స్కూటర్‌కు అడ్డంగా కట్ కొట్టానని పది తీసేసింది.

“గిది అన్యాయం ఆపా!”

“ఆ స్కూటరామె గుండె పట్టుకున్నది. అద్దంల చూసినవా?”

“లేదు.”

“గందుకే.”

పళ్ల డాక్టర్ రాజేందర్ మూడేళ్లుగా వస్తున్నాడు. ఇంకా నూట పదిలోనే ఉన్నాడు. “పోయిన నెల నూట ఇరవై ఉండె అన్నా. క్రికెట్ మ్యాచ్ పోయిందన్న కోపంల ఉత్తగనే హారన్ కొట్టిన” అని నా దగ్గర వాపోయాడు.

ఇలా సాగుతుండగా మా ఆఫీసులో సత్యదేవ్ ఎర్ర స్పోర్ట్స్ కారు కొన్నాడు. క్యాంటీన్‌లో పన్నెండుమంది ముందు, “నీ బండి చూసుడుకే. దమ్ముంటే ఆదివారం పొద్దుగాల ఆరింటికి యాప్రాల్ అవతల రోడ్డు మీదికి రా” అన్నాడు. పన్నెండుమందీ నా మొహం వైపు తిరిగారు. వస్తానన్నాను.

శనివారం ఆపా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. “రేపు పొద్దున్నే పెళ్లికి పోవాలె ఆపా. ఒక్కరోజు ఫుల్ పవర్ ఇయ్యిండ్రి.”

“ఎవరి పెళ్లి?”

“దూరపు చుట్టాలది. యాప్రాల్ అవతల.”

ఆపా కళ్లద్దాల మీదుగా చూసి, “సరే, చేస్తా” అంది. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. కారు స్టార్ట్ చేస్తే షెడ్డు మీద పావురాలన్నీ లేచిపోయాయి. ఆ గర్జన విని మురిసిపోయి, బలమంతా పోటీకి దాచుకోవాలని మెల్లగా తోలుకుంటూ ఇంటికొచ్చాను.

ఆదివారం కూడా అలాగే మెల్లగా వెళ్లాను. రోడ్డు పక్కన పన్నెండుమందీ హాజరు. మా టీములో పనిచేసే వసుధ రుమాలు ఊపింది. రెండు కార్లూ భూమి అదిరేలా గర్జించాయి. నేను పెడల్ నేలకు తొక్కాను.

నలభై.

ఇంకా తొక్కాను. నలభయ్యే. సత్యదేవ్ ఈపాటికి చుక్కంత అయిపోయి ఉంటాడని తలెత్తితే, వాడు నా కిటికీ పక్కనే ఉన్నాడు. చెమటలు కారుతుంటే వాడూ కాలితో తెగ తొక్కుతున్నాడు. అలా రెండు సింహాలూ పక్కపక్కనే గర్జించుకుంటూ నలభై మీద పోతుంటే వెనక నుంచి హారన్. కరివేపాకు మోపులు కట్టుకున్న మోపెడ్ మనిషి, “జెర సైడియ్యిండ్రి సార్!” అంటూ ఇద్దర్నీ దాటేశాడు.

కార్లు ఆపి దిగాం. అరగంట ఒకరినొకరు తిట్టుకున్నాక సత్యదేవ్ అడిగాడు. “నువ్వు ఎవరి దగ్గర చేయించినవ్?”

చెప్పాను. వాడి మొహం పాలిపోయింది.

షెడ్డులో ఆపా చాయ్ తాగుతోంది.

“ఆపా, ఇజ్జత్ పోయింది!” అన్నాం ఇద్దరం.

“ఇజ్జత్ పోయింది, మీరు వాపస్ వచ్చిండ్రు. నాకు గది చాలు. ఒక్కటే రోజు, ఒక్కటే జాగల ఇద్దరికి దూరపు చుట్టాల పెళ్లా? నన్ను గంత పిచ్చిదాన్ని అనుకున్నరా?”

“మరి గా చప్పుడు ఎందుకు పెంచిండ్రు ఆపా?” అన్నాడు సత్యదేవ్.

“మందిల మీ మొఖం చిన్నగ కావొద్దని.”

అప్పుడే మా చూపు కిందికి పోయింది. ఆమె చెప్పులకు యాప్రాల్ ఎర్రమట్టి. కుర్చీ పక్కన ఫస్ట్ ఎయిడ్ డబ్బా, దుప్పటి, రెండు నీళ్ల సీసాలు.

“మీరు అక్కడికి వచ్చిండ్రా ఆపా?”

“అయిదింటికే పోయిన. మలుపు కాడ చాయ్ బండి వెనక కూసున్న. ఏమో, నా లెక్క తప్పితే?” అని మొహం తిప్పుకుంది. “స్పీడుగ పోవాలన్న షౌక్ తప్పు కాదు తమ్మీ. జాగ తప్పు.”

తర్వాతి ఆదివారం తనకు తెలిసినవాళ్లను అడిగి, ఊరి బయట మామూలు బండ్లు రాని ఒక రేసు ట్రాక్‌లో మా కోసం ఒక పూట సంపాదించింది. హెల్మెట్లు తెచ్చి తన చేత్తోనే గడ్డం కింద బిగించింది. ల్యాప్‌టాప్‌తో స్పీడుకు పెట్టిన అడ్డాలన్నీ తీసేసి, “ఇగ పోండ్రి” అంది.

పోయాం. నూట అరవై దగ్గర మొదటి మలుపు నా మీదికి పరిగెత్తుకొచ్చింది. దేవుళ్లందరి పేర్లూ గుర్తొచ్చాయి. ఒక్క చుట్టుతో వెనక్కొచ్చి ఆపా దగ్గరికి నడిచాను. బండి స్పీడు జెర తగ్గించమని అడుగుదామని.

కానీ సత్యదేవ్ అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు. “ముందుగాల నాది తగ్గించుండ్రి ఆపా, నాకు ఇంటికాడ పనున్నది” అంటున్నాడు.

మా ఇద్దరి మధ్యా తేలిన పోటీ అదొక్కటే. దాంట్లో వాడే గెలిచాడు.