దొర బోర్డు చాటున

ఉడుకుగెడ్డను హాల్‌స్టన్ దొర 1908లో కనుక్కున్నాడు. అంతకుముందు అక్కడ వేడినీళ్లు ఊరుతున్న సంగతి ఎవరికీ తెలియదు, ఆ నీళ్లలో తరతరాలుగా స్నానాలు చేస్తున్నవాళ్లకు తప్ప. వాళ్లను లెక్కలోకి తీసుకోవడం చరిత్రకు అలవాటు లేదు.

ఈ సంగతి ఊట పక్కన రెండు ఇనప కాళ్ల మీద నిలబెట్టిన రేకు బోర్డు చెబుతుంది. చదివే ఓపిక లేనివాళ్లకు సోంబరు చెబుతాడు. పెదబయలు దాటి కార్లలో వచ్చేవాళ్లకు గేటు తీయడం, దొర కథ అప్పజెప్పడం, వాళ్లు ఊట మొదట్లో, నీళ్లు సలసల కాగేచోట, ఉడకేసుకున్న గుడ్ల పెంకులు ఏరడం అతని ఉద్యోగం. యాభై రెండేళ్లకు దొరికిన మొదటి నెలజీతం. ఖాకీ చొక్కా కూడా ఇచ్చారు. రెండు సైజులు పెద్దది, ఇంకా ఎదుగుతాడనుకున్నారేమో.

నిజానికి కీళ్లనొప్పులతో నడవలేని ఆ దొరను డోలీలో ఇక్కడికి మోసుకొచ్చింది సోంబరు ముత్తాత సుక్రు. కనుక్కున్నాయన డోలీలో పడుకుని ఉన్నాడు. అది మాత్రం చెప్పొద్దని టూరిజం మేనేజరు భాస్కర్ మొదటిరోజే హెచ్చరించాడు, టూరిస్టులు కన్‌ఫ్యూజ్ అవుతారట.

ఆ ఆదివారం సోంబరు కూతురు కనక ప్రసవించి తొమ్మిదో రోజు. పొద్దు వాలేలోగా తల్లీబిడ్డలు ఊటనీళ్లు పోసుకోవాలి, అప్పుడే బిడ్డకు పేరు. ఆ రోజు దాటితే పెట్టిన పేరు నిలవదని ఊరి నమ్మకం. ఊరివాళ్లకు ప్రవేశం సోమవారం మాత్రమేనని భాస్కర్ రూలు.

"పిల్లాడు ఒక్కరోజు ఆగి పుట్టాల్సింది," అన్నాడు భాస్కర్, సలహా ఇస్తున్నట్టు.

జనం వెళ్లిపోయాక చూసుకుందామని సోంబరు సాయంత్రం దాకా ఆగాడు. అందరూ వెళ్లారు గానీ, రిటైర్డ్ ఇంజనీరు సర్వేశ్వరరావు కుటుంబం మాత్రం పన్నెండు జతల కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చుంది. ఎండ కొండ అంచుకు జారింది. గేటు బయట కనక పసివాణ్ణి గుండెకు అదుముకుని నిలబడింది.

సోంబరు గేటు తీశాడు.

"ట్రైబల్ కల్చర్! వీడియో తియ్యండర్రా," అని సర్వేశ్వరరావు మురిసిపోయాడు. ఫోన్లు లేచాయి.

"అయ్యా, ఈళ్లందరి ముందూ నీళ్లోసుకోవాలేటి?" అంది కనక తండ్రితో.

"బాబూ, ఒక్క గడియ అటు తిరగండి," అని సోంబరు బతిమాలాడు.

"టికెట్ కొన్నామయ్యా!" అన్నాడు సర్వేశ్వరరావు.

సోంబరు ఊట పక్కకు వెళ్లాడు. బోర్డు కాళ్లు పట్టుకుని లాగాడు. వాటికి సిమెంటు పోసినట్టు కాగితాల్లో ఉంది, భూమిలో లేదు. తేలిగ్గా ఊడొచ్చింది. కూతురికి అడ్డంగా నిలబెట్టి, అటు వీపు పెట్టి పట్టుకున్నాడు. వందేళ్లు దాటాక ఆ దొర ఈ ఊరికి మొదటిసారి పనికొచ్చాడు.

"అది చరిత్రయ్యా! పడేస్తావా ఏంటి?"

"నాను పట్టుకునే ఉన్నాను బాబూ. పడదు."

సర్వేశ్వరరావు టికెట్ మీది నంబరు చూసి భాస్కర్‌కు ఫోన్ కలిపాడు. బోర్డు వెనక నీళ్ల చప్పుడు, పసివాడి ఏడుపు.

"పేరేటే?" తల తిప్పకుండా అడిగాడు సోంబరు.

"సుక్రు."

కనక చీర మార్చుకున్నాక బోర్డు దింపాడు. సర్వేశ్వరరావు ఫోన్ అందించాడు. రేపటి నుంచి రావొద్దని, చొక్కా అక్కడే వదిలేసి పొమ్మని భాస్కర్ అరుస్తున్నాడు.

సోంబరు చొక్కా విప్పాడు. తడిబిడ్డను దాంట్లో చుట్టి కూతురి చేతికిచ్చాడు.

"సొక్కా ఈడి దగ్గరుందని సెప్పండి బాబూ. ఈడైతే ఎదుగుతాడు."