మామ గుండెకు నేనిచ్చిన సెలవు

ఆ రోజుల్లో నాకు అలసట అంటే ఏమిటో తెలియదు. తెలియనివి ఇంకా చాలా ఉన్నాయన్న సంగతీ తెలియదు. ఇప్పుడు జగిత్యాలలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పొద్దున ఆరున్నర నుంచి నిలబడే ఉంటాను. వానాకాలం వచ్చిందంటే జ్వరాల వాళ్లు గుమ్మం దాటి రోడ్డు దాకా నిలబడతారు. చేతిలోంచి సూది ఇంకా తీయకముందే "సార్, ప్లేట్లెట్లు ఎన్నున్నయి?" అని అడుగుతారు. (ఇన్నేళ్లలో ఎర్ర కణాల గురించి అడిగినవాడు ఒక్కడు లేడు. ఊపిరిని మోసుకెళ్లి ఒళ్లంతా పంచుతూ, ఓ నాలుగు నెలలు తిరిగి తిరిగి అరిగిపోయే ఆ కణాలంటే నాకు మొదటినుంచీ జాలి. ఈ మధ్య చుట్టరికం కూడా కలుపుకుంటున్నాను.) మధ్యాహ్నమయ్యేసరికి నా కాళ్లు నావి కాకుండా పోతాయి. అప్పుడు స్టూలు మీద కూలబడి మా మేనమామను తలుచుకుంటాను. ఎందుకంటే, ఉద్యోగంలో చేరిన ఏడాదికే ఆయన గుండెకు పదకొండు రోజులు సెలవిప్పించిన ఘనుణ్ణి నేను.

మాది తాటిచెట్లు ఎక్కి కల్లు గీసే ఇల్లు. చెట్టెక్కకుండా బతుకుతానని బయల్దేరిన మొదటివాణ్ణి నేనే. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివి కోరుట్లలో ఒక చిన్న ల్యాబులో చేరాను. అక్కడ రక్తం తీయడమే కాదు, గుండె పట్టీ, అంటే ఈసీజీ తీయడం కూడా నా పనే. చేయి తిరగాలని కోరుట్ల బజారుకు వచ్చిన చుట్టాన్నల్లా మంచం మీద పడుకోబెట్టేవాణ్ణి. పెండ్లి బట్టలకని వచ్చినవాళ్లు కూడా గుండె పట్టీతో ఇంటికి పోయేవాళ్లు. అట్లా ఒక ఎండాకాలం, మల్యాల దగ్గర ఊరినుంచి నాకోసం సంచినిండా ముంజలు మోసుకొచ్చిన మామ నా చేతికి చిక్కాడు.

మామ అప్పటికి రోజూ పన్నెండు చెట్లు ఎక్కేవాడు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, మూడు పూటలా. అంగీ విప్పించి, ఛాతీ మీద మిషన్ తీగల చివరనున్న రబ్బరు బల్బులు నొక్కి పెట్టాను. ఒక్కటీ నిలవలేదు. ఒకటి పెడుతుంటే ఇంకోటి టప్పున ఊడి మంచం కిందికి దొర్లిపోయింది. నేను మంచం కిందికి దూరాను.

"అవి పట్టయి అల్లుడా," అన్నాడు మామ, పైనుంచి తాపీగా. "ముప్పై ఏండ్లసంది చెట్టుకు రాసుకొని రాసుకొని గాడ తోలు గిట్టలెక్క అయింది."

"నువ్వు మాట్లాడకు మామా, మాట్లాడితే పట్టీ ఖరాబైతది," అని కసిరాను. (అప్పట్లో నాకు మిషన్ ముందు నిలబడితే చిన్నా పెద్దా తేడా తెలిసేది కాదు.) చివరికి బల్బులను చేత్తో పట్టుకుని ఎట్లాగో పట్టీ లాగాను. గుండె నిమిషానికి నలభై నాలుగు సార్లు కొట్టుకుంటోంది. నేను చదివిన పుస్తకంలో అరవై నుంచి వంద అని ఉంది. గడియారం పెట్టి నాడి పట్టుకుని చూశాను. నలభై నాలుగే. నా గుండె మాత్రం నూటపది దాటింది.

ల్యాబు ఓనరు ఆ రోజు ఊళ్లో లేడు. కాబట్టి డాక్టరును నేనే అయ్యాను. "మామా, నీ గుండె ఆగి ఆగి కొట్టుకుంటాంది. చెట్టు మీదున్నప్పుడు ఆగితే ఏంది పరిస్థితి? ఆదివారం జగిత్యాలకు గుండె డాక్టరు అస్తడు. ఆయన చూసేదాక నువ్వు చెట్టెక్కద్దు."

"నాకేం నొప్పి లేదు గదరా."

"నొప్పి లేకపోవుడే డేంజర్ మామా!"

ఈ మాట ఎక్కడినుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. కానీ అత్తకు బాగా పనికొచ్చింది. మామ ఇల్లు చేరగానే ఆయన చెట్టెక్కే మోకును బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి పుస్తెలతాడుకు కట్టుకుంది.

తాటిగెలకు ఆదివారాలు తెలియవు. మూడు పూటలా కత్తితో కొస చెక్కితేనే కల్లు ఊరుతుంది. వదిలేస్తే కొస ఎండిపోతుంది, ఆ చెట్టుకు ఆ ఏటికి అంతే. ఊళ్లో ఇంకా చెట్లెక్కేవాళ్లు ఇద్దరే మిగిలారు, వాళ్ల చెట్లే వాళ్లకు మోయలేనంత పని. పాపం, అందులో ఒకాయన మామ చెట్లు రెండు చూస్తానన్నాడు. తక్కిన పదీ మామ ఇంటి ముందునుంచి కనబడుతూ ఎండసాగాయి. నేను ప్రతి సాయంత్రం కోరుట్ల నుంచి రెండు బస్సులు మారి వెళ్లి నాడి చూసేవాణ్ణి. ఒకనాడు నలభై మూడు. ఒకనాడు నలభై రెండు. ఆ అంకెను నేను వాకిట్లో నిలబడి చదువుతుంటే పాలోళ్లంతా, అంటే దాయాదులంతా, తలలు వంచుకుని వినేవారు.

ఇక చూసిపోయే చుట్టాలు మొదలయ్యారు. బ్రెడ్డు, బత్తాయిలు, మళ్లీ బ్రెడ్డు. వచ్చినవాళ్లకు కల్లు పోయకపోతే మర్యాద కాదు. ఆ రెండు చెట్ల కల్లు గీసినాయనకే, మామ ఇంట్లో చుక్క లేదు. నలుగురికీ కల్లు పోసే ఆ ఇంట్లో అత్త పక్క ఊరినుంచి కల్లు తెప్పించి పోసింది. దాన్ని తాగి మొహం చిట్లించి, "నీ చేతి కల్లు లెక్క లేదు బావా," అని ఓదార్చినవాళ్లే అందరూ. సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే మా చిన్నమ్మ బస్సు దిగడం దిగడమే మామ మెడ పట్టుకుని ఏడ్చింది. "అన్నా, మా సాంచ గూడ ఆగేముందుగాల గిట్లనే మెల్లగ కొట్టిందే!" అంది. (వాళ్ల ఊళ్లో మరమగ్గాన్ని సాంచ అంటారు. ఆ సాంచను తర్వాత ఇనప సామానుకు అమ్మేశారని కూడా చెప్పి ఏడ్చింది.)

మొదటి ఆదివారం డాక్టరు రాలేదు. అంటే ఇంకో వారం. మామకు ఏమీ తోచక "నాక్కూడ నేర్పు రా అల్లుడా," అని నా దగ్గర నాడి చూడటం నేర్చుకున్నాడు. అత్త నాడి చూశాడు, బ్రెడ్డు తెచ్చినవాళ్ల నాడి చూశాడు, ఎక్కడ దొరుకుతుందో తెలియక బర్రె చుట్టూ కూడా ఓ పూట తిరిగాడు. సాయంత్రం మాత్రం గోడకు ఆనుకుని చెట్లకేసి చూస్తూ ఉండిపోయేవాడు. "ఎక్కి అలిసిపోయిన్నని ఎన్నడన్లే. ఎక్కకుంట కూసుంటెనే పానం అలుస్తాంది రా," అన్నాడొక రోజు. నేను దాన్ని కూడా జబ్బు లక్షణం కింద రాసుకున్నాను.

పదకొండో రోజు, రెండో ఆదివారం, జగిత్యాలలో డాక్టరు దొరికాడు. పెద్దాయన. నేను చాచిన పట్టీని పక్కన పెట్టి, ముందు మామ అంగీ విప్పించి ఛాతీ మీద చెయ్యి వేశాడు.

"ఎన్ని చెట్లెక్కుతవు పెద్దమనిషీ?"

"పన్నెండు సార్. మూడు పూటలు."

డాక్టరు నావైపు తిరిగాడు. "పట్టీ తీసింది నువ్వేనా? ఈయన ఛాతీ చూసినవా?"

"చూసిన సార్. బల్బులు అంటుకోలే."

"అంటుకోలేదని చూసినవు. ఎందుకు అంటుకోలేదో చూడలేదు."

డాక్టరు మామ గుండెను స్కానింగు తెర మీద కూడా నింపాదిగా చూశాడు. తర్వాత మా ఇద్దరినీ మేడ మెట్లు మూడు సార్లు ఎక్కి దిగి రమ్మన్నాడు. మామ అంగీ భుజాన వేసుకుని ఎక్కి దిగి వచ్చి నిలబడ్డాడు, నాడి తొంభై. నేను రెండోసారికే రెయిలింగు పట్టుకున్నాను. నాది నూటయాభై దాటిందని నర్సమ్మ నవ్వు ఆపుకుంటూ చెప్పింది.

"గుండెకు జబ్బేం లేదు," అన్నాడు డాక్టరు. "రోజూ చెట్లెక్కి ఎక్కి అది గట్టిపడ్డది. నీ అల్లుని గుండె చెంబుతోటి నీళ్లు పోస్తది, నీది బిందెతోటి పోస్తది. బిందెతోటి పోసేదానికి ఉరుకుడెందుకు?"

మామ భుజాన ఉన్న అంగీ తొడుక్కున్నాడు. "మరి దానికి రికామన్నది ఉంటదా సార్? రాత్రింబగళ్లు కొట్టుకునుడేనాయె."

"ఉంటది. ఒక దెబ్బకు, ఇంకో దెబ్బకు నడుమ. నీ గుండెకు ఎక్కువ దొరుకుతది, గీ పిలగాని గుండెకు తక్కువ."

ఆ సాయంత్రమే బీరువా తాళం తెరుచుకుంది. మామ వెంట నేనూ చెట్ల దగ్గరికి పోయాను. ఒక్కొక్క చెట్టే ఎక్కి, గెల చూసి, దిగుతూ వచ్చాడు. ఇంకొకాయన చేయి పడ్డ రెండూ బాగున్నాయి. ఇంకోటి ఎట్లాగో బతికింది. తొమ్మిది ఎండిపోయాయి. పన్నెండో చెట్టు దిగి, మోకు భుజాన వేసుకుంటూ, "ఎండినయ్ రా," అన్నాడు. అంతే. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. నాకు ఏడుపొచ్చింది, ఆ చెట్ల మధ్యనే ఏడ్చాను. "చెట్లేడికి పోతయ్ అల్లుడా, అచ్చే ఏడు గీత్త," అని మామే నన్ను ఓదార్చాడు. ఆ ఏడు మిగిలిన మూడు చెట్లతోనే ఇల్లు గడిపాడు. నేను మనిషి ఛాతీని చూడకుండా పట్టీ చదవలేదు, ఆ తర్వాత ఎప్పుడూ.

మామ మోకాళ్లు అరిగి చెట్లు మానేసి మూడేళ్లయింది. మొన్న జ్వరాల గుంపు మధ్యలో, అత్త షుగరు కాగితం తీసుకుపోదామని జగిత్యాల వచ్చాడు. నేను రక్తపు గొట్టాలు రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ తిరుగుతుంటే కాసేపు చూసి, దగ్గరికొచ్చి, ఆ గొట్టాలు బల్ల మీద పెట్టించి నా మణికట్టు పట్టుకున్నాడు. కళ్లు గోడ గడియారం మీద పెట్టాడు. పెదాలు మెల్లగా కదులుతున్నాయి. కిటికీ అవతల ఎవరో ప్లేట్లెట్లు ఎన్నని అడుగుతున్నారు.

"నూట రెండు," అన్నాడు మామ. ముఖంలో నవ్వు లేదు, అచ్చం ఆనాటి నాలాగే ఉంది. "పదకొండు దినాలు చెట్టెక్కకు అల్లుడా."

నాకు నవ్వొచ్చింది. ఎండిన ఆ తొమ్మిది చెట్లు గుర్తొచ్చి ఆ నవ్వు సగంలోనే ఆగింది. కాలితో స్టూలు లాక్కుని కూర్చున్నాను. మామ మాత్రం చెయ్యి వదల్లేదు. మళ్లీ మొదటినుంచి లెక్కపెడుతున్నాడు.