బెల్లం పూత, చీమల బారు

మా అద్దె ఇంటి ముందుగదికి కిటికీ ఒక్కటే. దాని పక్కనే మా ఆవిడ కుట్టుమిషను. పట్టపగలు సూదిలో దారం ఎక్కించాలన్నా ఆ వెలుతురే గతి. గదిలో ఇంకా నూట పాతిక చదరపు అడుగులు ఖాళీగా ఉండగా, శ్లాబు సరిగ్గా ఆ మిషను మీదే కారడం మొదలుపెట్టింది.

మిషనును చీకటి మూలకి జరిపి, దాని చోట స్టీలు గిన్నె పెట్టాం. నేను వాచీ పట్టుకుని కూర్చున్నాను. నిమిషానికి పద్దెనిమిది చుక్కలు. వాన తగ్గాక పదకొండు. నేను లెక్కలు బడిలో నేర్చుకున్నవాణ్ని కాను. చెరకు తూకం చీట్ల వెనక వేసి వేసి నేర్చుకున్నాను. అలా నేర్చినవాడు కనబడిన లెక్కని వదలలేడు.

“ఏటండీ, సుక్కలు లెక్కెడతన్నారా?” అంది మా ఆవిడ మూల నుంచి. “లెక్కెడితే ఆగిపోతాయేటి? పెళ్లోరి జాకెట్లు పన్నెండున్నాయి. ఈ సీకట్లో కుడితే సేతులు రెండూ ఒకేపు వస్తాయి. శుక్రారం లోపల మిషను కిటికీ కాడికి రావాల. నేకపోతే నేను వేరే ఇల్లు సూసుకుంటాను. మీరూ మీ సుక్కలూ ఇక్కడే ఉందురుగాని.”

ఇంటాయన డెబ్బై దాటిన చెరకు రైతు. ఆయన లెక్కలో బెల్లానికి లొంగని జబ్బు లేదు. దగ్గుకి బెల్లం, గేదె ఈనితే బెల్లం, భార్య అలిగితే బెల్లం. మా శ్లాబు కేసి మెడ ఎత్తి చూసి తేల్చేశాడు.

“దీనికి సిమెంటు దండగ బాబూ. మా అయ్య కాలంలో డాబాలకి సున్నంలో బెల్లం నీళ్లు కలిపి మెత్తీవోరు. ఒక్క సుక్క దిగిందేటి?”

“ఏ పాళ్లలో కలిపేవారండీ?”

“పాళ్లా? మేస్త్రీ సెయ్యెట్టి సూసీవోడు. ఆడు పోయేడు.”

పాళ్లు తెలియని చోటే నాకు పండగ. కొంచెం బెల్లం కొంచెం నీటిని ఆపితే, మూడింతల బెల్లం మూడింతల నీటిని ఆపాలి కదా! కింద రెండు గోడల నుంచీ చుక్క పడే చోటుకి కొలత తీశాను. మేడ మీద గోడ మందం తొమ్మిది అంగుళాలు కలిపి, అంగుళం తేడా లేకుండా సుద్దతో గుర్తు పెట్టాను. ఇంటాయన బెల్లం కరిగించి, సున్నం కలపక ముందే వేలితో నాకి “సరిపోయింది” అన్నాడు. ఇద్దరం కలిసి పళ్లెం అంత పూత వేసి, గుడి కట్టినవాళ్లలా చూసుకున్నాం.

గురువారం పొద్దున్నే మా ఆవిడ కేక.

“రండి, మీ సుట్టాలొచ్చేరు!”

కిటికీ గోడ మీద చీమల బారు. నిలువుగా పైకెక్కి, చుక్క కారే కన్నంలోకే దూరుతోంది. నిమిషానికి అరవై నాలుగు.

“వీటినీ లెక్కెట్టేరా! మీకు సిగ్గు నేదు,” అంది.

మేడ మీదికి పరిగెత్తాను. పూత నల్లగా కదులుతోంది. కానీ చీమలు పూత దగ్గర బయటికి రావడం లేదు. ఎనిమిది అడుగుల దూరంలో, పిట్టగోడ మొదట్లో ఈనెపుల్ల దూరేంత బీట లోంచి వరసగా వస్తున్నాయి. నా కొలత తప్పు కాదు. నీళ్లు నిట్టనిలువుగానే దిగుతాయనుకోవడం తప్పు. బీటలో చెంబుడు నీళ్లు పోసి అంకెలు మొదలుపెట్టాను. ముప్పై ఒకటి దగ్గర కింద నుంచి “పడింది!” అని మా ఆవిడ గొంతు వినబడింది.

అప్పుడు ఇంటాయనకి జ్ఞాపకం వచ్చింది. “ఔను, శ్లాబులో పాత కరెంటు గొట్టం వొగ్గీసేం. అది ఈ బీట కాణ్నుంచి మీ మిషను మీదికే పోద్ది.”

“ముందు చెప్పొచ్చు కదండీ!”

“నువ్వు పాళ్లడిగేవు గానీ, గొట్టం అడిగేవేటి? అయినా దొంగని పట్టించింది ఏటి? బెల్లమే!”

పూత గోకి కడిగేసి, బీటలో సిమెంటు కూరాం. శుక్రవారం మధ్యాహ్నం దంచి కొట్టింది వాన. నేను గిన్నె ఒళ్లో పెట్టుకుని శ్లాబు కేసే చూస్తూ కూర్చున్నాను. గంటసేపు సున్నా. ఆవిడ మిషను కిటికీ దగ్గరికి లాక్కుంది. దారం ఎక్కించింది. రెండు జాకెట్లు అయ్యాక చెయ్యి చాపింది.

“ఆ గిన్నె ఇటివ్వండి. పప్పు నానబెట్టాల.”